రికవరీ నోటీసుకు లెక్క జత చేయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) ఎక్కువగా తీసుకున్నారంటూ పదవీ విరమణ ముంగిట ఉద్యోగుల చేతికి వస్తున్న రికవరీ (తిరిగి వసూలు) నోటీసుల గురించి ఈ లేఖ. మా పెన్షనర్ల సంఘానికి ఆ కాగితాలు పట్టుకుని వచ్చేవారిలో అటెండర్లు, జూనియర్ అసిస్టెంట్లే ఎక్కువ. ఇంత సొమ్ము అదనంగా పొందారు, చలానా కట్టండి, లేకుంటే గ్రాట్యుటీలో (రిటైరైనప్పుడు ఒకేసారి ఇచ్చే సొమ్ములో) మినహాయిస్తాం అని నాలుగు వాక్యాలు ఉంటాయి. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత శాతం ఇవ్వాల్సింది ఎంత ఇచ్చారు, ఎక్కువ ఇచ్చారని అభ్యంతరం చెప్పింది ఎవరు? ఇవేవీ కనిపించవు.

నేను ఉద్యోగంలో చాలాకాలం జీతాల బిల్లులే చేశాను. తెలంగాణలో 2021 వేతన సవరణ తర్వాత హెచ్‌ఆర్‌ఏ ఊరిని బట్టి మూల వేతనంలో 24, 17, 13, 11 శాతంగా ఉంది. ఏ ఊరు ఏ వరుసలోకి వస్తుందో చూసి బిల్లు పెట్టేది కార్యాలయం, పాస్ చేసేది ట్రెజరీ. 17 శాతం వచ్చే నగరం నుంచి 11 శాతం వచ్చే మండలానికి బదిలీ అయిన అటెండరుకు పాత రేటే కొనసాగిందనుకోండి. మూల వేతనం 40 వేలైతే తేడా నెలకు 2,400, నాలుగేళ్లకు 1,15,200 రూపాయలు. ఆ సొమ్ము అద్దెకూ పిల్లల ఫీజులకూ ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. తప్పు చేసిన సిబ్బందికి మాత్రం ఒక్క మెమో కూడా వెళ్లదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మూడు, నాలుగో తరగతి (గుమస్తాలు, అటెండర్ల స్థాయి) ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి, అయిదేళ్లకు మించి సాగిన అదనపు చెల్లింపుల విషయంలోనూ వసూలు తగదంది. 2022లో కేరళ ఉపాధ్యాయుడొకరి కేసులోనూ, ఉద్యోగి మోసం గానీ తప్పుడు సమాచారం గానీ లేనప్పుడు రికవరీ కూడదని చెప్పింది. అయినా ఆ తీర్పుల ఊసు మా దగ్గరికి వచ్చే నోటీసుల్లో ఉండదు. ఆ రక్షణ కావాలంటే ఎవరికి వారు వకీలును పెట్టుకుని హైకోర్టు మెట్లెక్కాల్సిందే.

అన్ని నోటీసులూ అన్యాయమని నేననను. ప్రభుత్వ క్వార్టరులో ఉంటూ ఆ సంగతి దాచి హెచ్‌ఆర్‌ఏ తీసుకున్నవారు తిరిగి కట్టాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. వేతన సవరణప్పుడు, ఎక్కువ వస్తే తిరిగిస్తానని హామీపత్రం రాసిచ్చినవారికి రిటైరయ్యారన్న కారణంతో మినహాయింపు దక్కదని 2016లో ఒక న్యాయాధికారి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే మా సంఘానికి వచ్చేవారికి ముందుగా చెప్పేది ఒకటే: పెన్షన్ ఆగిపోతుందన్న భయంతో అంగీకారపత్రంపై సంతకం పెట్టకండి. నెలవారీ లెక్క, ఆడిట్ అభ్యంతరం ప్రతి, గతంలో మీరు ఇచ్చిన హామీపత్రం ఉంటే దాని నకలు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మీ అభ్యంతరాన్ని కూడా కాగితం మీదే పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలకూ నా విన్నపం. నెలవారీ లెక్క లేని రికవరీ నోటీసు చెల్లదని ఉత్తర్వు ఇవ్వాలి. 2014 తీర్పు వర్తిస్తుందో లేదో నోటీసు పంపే అధికారే ముందుగా పరిశీలించి, కారణంతో సహా ఫైలులో రాయాలి. ఉద్యోగి వివరాలు నమోదయ్యే సర్వీసు రిజిస్టరు తనిఖీని రిటైరయ్యే నెల దాకా ఆపకుండా ప్రతి బదిలీ సమయంలోనూ చేయాలి. వివాదం తేలేలోగా గ్రాట్యుటీ మొత్తాన్ని ఆపకుండా, అభ్యంతరం ఉన్న మేరకే పక్కన పెట్టి మిగిలినది చెల్లించాలి.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, ఖమ్మం