బీరువాలో పాత రాజ్యాంగం

సంపాదకులకు,

నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం రాగానే బడుల్లో, ఆఫీసుల్లో రాజ్యాంగ పీఠిక చదివించి ఫొటోలు దిగుతారు. మంచిదే. నా గోడు పీఠిక తర్వాతి పేజీల గురించి.

మా గుంటూరులో ఒక శాఖా గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు రాజ్యాంగం అడిగితే బీరువాలోంచి ఒక పుస్తకం తీసిచ్చారు. అట్ట ఊడింది, అది సరే. అందులో ఆస్తి హక్కు ఇంకా ప్రాథమిక హక్కే! 44వ సవరణతో 1978లోనే దాన్ని ఆ జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడది 300-ఎ అధికరణం కింద ఉంది. దాని కోసం 32వ అధికరణం పట్టుకుని నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే వీల్లేదు, 226 కింద హైకోర్టుకు వెళ్లాలి. పిల్లలకైతే ఒక మార్కు పోతుంది. రోడ్డు వెడల్పులో ప్రహరీ పోగొట్టుకున్నాయన ఆ పుస్తకాన్ని నమ్ముకుంటే?

అమెరికా వాళ్లకి ఈ బెడద తక్కువ. 1789లో అక్కడి కాంగ్రెస్ సభ్యుడు మేడిసన్ సవరణల్ని అసలు పాఠంలోనే కలిపేద్దామన్నాడు. సాటి సభ్యుడు రోజర్ షెర్మన్ పట్టుబట్టి వాటిని చివర చేర్పించాడు. అందుకే 1919 నాటి మద్యనిషేధం, 1933లో దాన్ని ఎత్తేసిన సవరణ రెండూ అక్కడ ఇప్పటికీ కనిపిస్తాయి. మన దగ్గర మార్పు పాఠంలోనే కలిసిపోతుంది. 2023 నాటికే 106 సవరణలయ్యాయి. పాత ప్రతి చదివేవాడికి ఏది పోయిందో, ఏది వచ్చిందో తెలిసే దారి లేదు.

ఇంగ్లండులో 1297లోనే, రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే పత్రం ప్రతుల్ని పెద్ద చర్చిలన్నిటికీ పంపి, ఏడాదికి రెండుసార్లు జనానికి చదివి వినిపించాలని రాజు ఒప్పుకున్నాడు. ప్రజల మీద ప్రేమతో కాదులెండి, యుద్ధానికి డబ్బు కావలసొచ్చి. అప్పటికి అక్కడ అచ్చు యంత్రం కూడా లేదు.

నెట్‌లో ఉందిగా అంటారు. ఫోన్‌లో అధికరణాలు వెతుక్కుంటూ చదవడం ఎంత టెన్షనో ఆ పిల్లల్ని అడగండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం కదా. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లోని ప్రతి శాఖా గ్రంథాలయానికీ తాజా తెలుగు ప్రతి ఒకటి కొనివ్వాలి. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం చూడటానికి వచ్చేవాళ్లకూ అక్కడే ఒకటి అందుబాటులో పెట్టాలి. కొత్తవి వచ్చేలోగా, ఉన్న పుస్తకాల అట్ట మీద ‘ఫలానా ఏడాది దాకా సవరణలతో’ అని ఒక చీటీ అంటించమనండి. ఆ పనికి టెండరు అక్కర్లేదు, జిగురు చాలు.

— ఒక రిటైర్డ్ టీచరు,
బ్రాడీపేట, గుంటూరు