ఉప ఎన్నిక ఎందుకు వద్దనుకున్నారో ఓటరుకు చెప్పండి

గౌరవనీయులైన భారత ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి,

నమస్కారములు.

చట్టసభలో స్థానం ఖాళీ అయితే ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరిపి భర్తీ చేయాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఏ సెక్షన్ నిర్దేశిస్తోంది. దీనికి రెండే మినహాయింపులు. సభ్యుడి పదవీకాలంలో మిగిలింది ఏడాది కన్నా తక్కువ కావడం మొదటిది. గడువులోగా జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి కమిషన్ ధ్రువీకరించడం రెండోది. మొదటిదానిపై నాకు పేచీ లేదు. నా విన్నపం రెండోదాని గురించే.

2023 మార్చి 29న గిరీశ్ బాపట్ మరణంతో పుణె లోక్‌సభ స్థానం ఖాళీ అయింది. సభ గడువు అప్పటికి ఏడాదికి పైగానే ఉంది. సార్వత్రిక ఎన్నికల సన్నాహాల్లో ఉన్నామనీ, గెలిచినవారికి మిగిలే కాలం స్వల్పమనీ కమిషన్ ఎన్నిక జరపలేదు. అదే ఏడాది జూలై 18న కేరళ మాజీ ముఖ్యమంత్రి ఉమెన్ చాందీ మరణిస్తే, ఆయన ఎమ్మెల్యేగా ఉన్న పుదుపల్లి అసెంబ్లీ స్థానంలో సెప్టెంబరు 5కల్లా పోలింగ్ ముగిసింది. లోక్‌సభ స్థానం పరిధి అసెంబ్లీ స్థానం కన్నా పెద్దదే, కాదనను. అయినా ఒకచోట రెండు నెలలు కూడా పట్టని పని మరోచోట అసలే కుదరకపోవడం ఏమిటో సామాన్య ఓటరుకు బోధపడదు. పుణె ఓటరు ఒకరు కోర్టుకెక్కితే, డిసెంబరులో బొంబాయి హైకోర్టు వెంటనే ఎన్నిక జరపమన్నది. మరుసటి జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఈలోగా సార్వత్రిక ఎన్నికలే వచ్చిపడ్డాయి.

ప్రతినిధి లేని కాలం కాగితం మీద కనిపించేంత చిన్నది కాదు. అటువంటి నియోజకవర్గంలో ఒక పెద్దాయన రాయించుకున్న అర్జీ నేను చూశాను. 'గౌరవనీయులైన' అన్న మాట తర్వాత పేరుకు చోటు ఖాళీగా వదిలి, కింద విషయమంతా పొందికగా రాయించారు. తాళం వేసిన కార్యాలయం గేటు దగ్గర ఆ కాగితం తీసుకునే నాథుడు లేడు. ఓడిపోయిన అభ్యర్థి ఇంటికి వెళ్లమని ఎవరో సలహా ఇచ్చారు!

ప్రతి ఖాళీనీ ఆరు నెలల్లో నింపితీరాలని పట్టుబట్టడం లేదు. వరదలు, శాంతిభద్రతల సమస్యలు వచ్చినప్పుడు వాయిదా తప్పదు. అయితే కష్టమని ధ్రువీకరించిన రోజే ఆ పత్రాన్ని పూర్తి కారణాలతో స్థానిక భాషలో ప్రకటించి, ఆ నియోజకవర్గంలోని ప్రతి పోలింగ్ కేంద్రం వద్ద అంటించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ కష్టం ఏమిటో, ఎప్పటికి తీరుతుందో అందులో ఉండాలి. 'సన్నాహాల్లో ఉన్నాం' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు.

ఇట్లు,
ఒక ఓటరు