సర్వరు ముంబైలో, దారి సింగపూర్ మీదుగా

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తెంచినప్పుడు చాలా పేటల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. పత్రికలు రాశాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అది కంటికి కనిపించే తెగుదల. కనిపించని తెగుదల ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ రాయడం లేదు. రౌటర్ మీద లైట్లన్నీ వెలుగుతుంటాయి, యూట్యూబ్ ఆగకుండా ఆడుతుంది, స్పీడ్ టెస్ట్ 200 ఎంబీపీఎస్ చూపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటగానే మాత్రం వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆన్‌లైన్ తుపాకీ ఆటల్లో పింగ్, అంటే మన సందేశం సర్వరుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, 25 నుంచి 120 మిల్లీసెకండ్లకు ఎక్కి కూర్చుంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. తగ్గలేదంటే పెద్ద ప్లాన్ తీసుకోమంటారు. లోపం ఇంట్లో లేనప్పుడు ఈ రెండింటి వల్లా ఒక్క మిల్లీసెకండు కూడా తగ్గదు.

ఆటకు కావలసింది స్పీడు కాదు, సమయం. ఇలాంటి ఆటలు గంటసేపు ఆడినా ఖర్చయ్యే డేటా కొన్ని వందల ఎంబీలు మించదు. హెచ్‌డీ సినిమా ముందు అది ఏ మూలకూ రాదు. కానీ ఆ చిన్న డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, వేళకు చేరాలి. వీడియో అయితే ముందే కొంత దింపుకుని పెట్టుకుంటుంది, దారిలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటుంది. ఆటలో ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ రాకపోయినట్టే లెక్క.

ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి రానూ పోనూ కలిపి 1 మిల్లీసెకండు. హైదరాబాద్ నుంచి ముంబైకి రోడ్డు దారి 700 కిలోమీటర్లు అనుకుంటే 7 మిల్లీసెకండ్లు. మధ్యలో రౌటర్లు, కేబుల్ వంకరలు కలుపుకుంటే 15 నుంచి 25 మధ్య పింగ్ రావాలి. సింగపూర్‌కు అయితే ముందు చెన్నై చేరి, అక్కడి నుంచి సముద్రం కింద 3 వేల కిలోమీటర్లకు పైగా పోవాలి. మామూలుగా 50, 60 పడుతుంది. ఇప్పుడు ముంబైలో ఉన్న సర్వరుకే సింగపూర్ మీదుగా వెళ్లారనుకోండి. వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో ఒక్కవైపే ఆ చుట్టు తిరిగితే 70, రెండువైపులా తిరిగితే 120. ఫ్రాన్సులోని మార్సెయ్, లండన్ చుట్టి వచ్చే దారులు కూడా ఉన్నాయి. రెండువైపులా అలా తిరిగితే 200 దాటుతుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే.

ఆ తేడా ఆటలో ఎలా ఉంటుందో ఒక్క క్షణం దగ్గరగా చూడండి. వాలరెంట్ సర్వరు సెకనుకు 128 సార్లు ఆటను లెక్కవేస్తుంది. ఒక్కో లెక్కకు 7.8 మిల్లీసెకండ్లు. 25 పింగ్ ఉన్నవాడికి మూడు లెక్కల వెనుకబాటు, 120 ఉన్నవాడికి పదిహేను. ఎదుటివాడు తుపాకీ ఎత్తడం చూసి మన ఆటగాడు గోడ చాటుకు తప్పుకుంటాడు. తన తెర మీద అతను పూర్తిగా గోడ వెనకే ఉన్నాడు. కానీ ఆ కదలిక సర్వరుకు ఇంకా చేరలేదు. సర్వరు లెక్కలోనూ ఎదుటివాడి తెర మీదా అతను ఇంకా బయటే నిలబడి ఉన్నాడు. గుండు తగులుతుంది. గోడ వెనకకు వచ్చాక చచ్చిపోయానని ఆడేవాడు అరుస్తాడు, ఇంట్లోవాళ్లు పిచ్చి అనుకుంటారు. అతను చెప్పేది అక్షరాలా నిజం.

మరి ముంబై సర్వరుకు సింగపూర్ దారి ఎందుకు? ఇంటర్నెట్ అంటే ఒకే తీగ కాదు, వేల కంపెనీల నెట్‌వర్కుల కలయిక. ఒకరి కస్టమరు మరొకరి సర్వరును చేరాలంటే ఆ ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలవాలి. డబ్బిచ్చి పై కంపెనీ నుంచి దారి కొనుక్కోవడం ఒక పద్ధతి, దాన్ని ట్రాన్సిట్ అంటారు. ఇద్దరూ సమానంగా ఒప్పుకుని నేరుగా కలుపుకోవడం రెండో పద్ధతి, అది పీరింగ్. దేశంలోని డేటా దేశంలోనే మారాలని 2003లో నిక్సీని, అంటే కంపెనీలు కలుసుకునే జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజీని, పెట్టారు. ప్రైవేటు ఎక్స్చేంజీలు తర్వాత వచ్చాయి. హైదరాబాద్‌లోనూ ఇలా కలుసుకునే చోట్లు ఉన్నాయి. చాలాసార్లు రెండు కంపెనీల పరికరాలూ ఒకే డేటా సెంటర్‌లో, ఒకే అంతస్తులో ఉంటాయి. వాటి మధ్య కావలసింది కొన్ని మీటర్ల పసుపు రంగు ఫైబర్ ప్యాచ్ కార్డు, దాన్ని గుచ్చడానికి రెండు పోర్టులు, ఒక ఒప్పందం. దొరకనిది ఆ ఒప్పందమే.

పెద్ద కంపెనీ వాదన: నువ్వు నాతో సమానం కాదు, నీతో ఉచితంగా కలిస్తే నా దగ్గర బ్యాండ్‌విడ్త్ ఎవరు కొంటారు? చిన్న కంపెనీ వాదన: నా కస్టమర్లు అడిగిన డేటానే నేను తెస్తున్నాను, దానికి నీకెందుకు కట్టాలి? నిక్సీ కొత్తలో పెట్టుకున్న లెక్క కూడా దీనికి మందు కాలేదు. డేటా ఎక్కువ తీసుకున్నవాడు పంపినవాడికి కట్టాలి అన్నారు. ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చేవాళ్లు తీసుకునేదే ఎక్కువ కాబట్టి అక్కడికి రావడానికి జంకారు. పైగా నిక్సీ కేంద్రాలు ఏ ఊరికి ఆ ఊరే, హైదరాబాద్‌లో కలిసినంత మాత్రాన ముంబైలో కలిసినట్టు కాదు.

గొడవ ముదిరితే జరిగేవి మూడు. పూర్తిగా తెంచేసుకోవడం ఒకటి. కలిపిన పోర్టు నిండిపోయినా పెంచకుండా వదిలేయడం రెండోది, ఎక్కువగా జరిగేది ఇదే. పగలు బాగుండి రాత్రి 8 నుంచి 11 మధ్య పాడయ్యే పింగ్‌కు ముందుగా అనుమానించవలసింది దీన్నే. పోర్టు దగ్గర వీడియో ట్రాఫిక్ వెనక ఆట ప్యాకెట్ క్యూలో నిలబడుతుంది, క్యూ నిండితే రాలిపోతుంది. మూడోది, తమ అడ్రసుల్ని దేశంలో ప్రకటించకుండా సింగపూర్‌లోనో యూరప్‌లోనో మాత్రమే ప్రకటించడం. అప్పుడు ఎదుటి నెట్‌వర్క్ అక్కడికి వెళ్లి అప్పజెప్పక తప్పదు. ఊళ్లలో చిన్న ఆపరేటర్ల దగ్గర నాలుగోది కూడా ఉంది: పై కంపెనీకి బకాయి పడితే లైను సన్నబడుతుంది, ఆపరేటర్ రాత్రికి రాత్రి ఇంకో కంపెనీ లైనుకు మారతాడు, కస్టమరుకు ఒక్క ముక్క చెప్పడు.

స్పీడ్ టెస్ట్ దీన్ని ఎందుకు పట్టుకోదు అంటే, ఆ టెస్టు సర్వరు చాలాసార్లు ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. యూట్యూబ్ వీడియోలు కూడా ఎక్కువగా కంపెనీ లోపలే పెట్టిన, వీడియోల నకళ్లు దాచే గూగుల్ సర్వర్ల నుంచి వస్తాయి. రెండూ గేటు దాటవు. ఆట దాటాలి.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. దక్షిణ కొరియాలో 2016లో, డేటా పంపే నెట్‌వర్క్ తీసుకునే నెట్‌వర్క్‌కు కట్టాలని నిబంధన తెచ్చారు. ఆ ఏడాది చివర్లోనూ 2017 మొదట్లోనూ, ఫీజుల తగువు నడుస్తుండగా, ఫేస్‌బుక్ రెండు కంపెనీల కస్టమర్లను కొరియాలోని సర్వరు నుంచి తప్పించి హాంకాంగ్, అమెరికా దారి పట్టించింది. పక్కవీధిలో ఉన్నది సముద్రం అవతలికి పోయింది. అక్కడి నియంత్రణ సంస్థ 2018లో జరిమానా వేసింది, ఫేస్‌బుక్ కోర్టుకెళ్లి గెలిచింది. ఆటలు ప్రత్యక్షంగా చూపించే ట్విచ్ అయితే 2022లో కొరియాలో వీడియో నాణ్యతను 720పీకి తగ్గించి, నెట్‌వర్క్ ఫీజులు మిగతా దేశాలకంటే పది రెట్లున్నాయని చెప్పి 2024 ఫిబ్రవరి 27న దుకాణం మూసేసింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరగడం అక్కడ కళ్లారా చూశారు. అదే 2024లో, మే నెలలో, అమెరికా కంపెనీ కాజెంట్ మన టాటా కమ్యూనికేషన్స్‌తో పీరింగ్ తెంచుకుంది. ఆసియాలో కలుసుకునే చోట్ల మీదే వాళ్ల పేచీ. మన టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ కూడా కొన్నేళ్లుగా పెద్ద యాప్‌ల దగ్గర వాటా వసూలు చేయాలంటోంది. కొరియా అనుభవం చూశాక కూడా ఆ దారిలో పోవడం తప్పు.

వాలరెంట్ తయారుచేసే రియట్ కంపెనీ అయితే ఈ బాధ పడలేక ఆటల కోసమే సొంత నెట్‌వర్క్ వేసుకుంది. కౌంటర్ స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ కూడా తన రిలే సర్వర్ల మీదుగా ఆటను నడిపిస్తుంది. అయినా ఇంటి నుంచి వాళ్ల గుమ్మం దాకా దారి మన ప్రొవైడరుదే. ఆ గుమ్మం దగ్గరే గొడవ.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం కాదు. వైఫై వదిలి ల్యాన్ కేబుల్‌తో కంప్యూటర్‌ను రౌటర్‌కు కలపండి. ఇంట్లో డౌన్‌లోడ్లు, టీవీ ఆపండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు రౌటర్‌కు, అంటే సాధారణంగా 192.168.1.1కు, 200 పింగ్‌లు పంపండి. అక్కడే 1, 2 మిల్లీసెకండ్లు దాటితే తప్పు ఇంట్లోదే. తర్వాత దారిలోని ఒక్కో రౌటర్‌ను ఒక్కో వరుసగా చూపించే విన్‌ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రాములో ఆట సర్వరు అడ్రసు ఇచ్చి పది నిమిషాలు నడపండి. అడ్రసు విండోస్ రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌లో, ఆట పేరు ఎదురుగా దొరుకుతుంది. చాలా ఆట సర్వర్లు పింగ్‌కు జవాబివ్వవు. అప్పుడు అదే ఊళ్లోని క్లౌడ్ కేంద్రం అడ్రసు వాడుకోవచ్చు, అమెజాన్ ముంబై కేంద్రానిది జవాబిస్తుంది. ఇదే పరీక్ష ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, మూడు రోజులు చేసి దాచుకోండి.

చదవడం ఇలా. వరుసల పేర్లలో విమానాశ్రయాల కోడ్లు కనిపిస్తాయి: హెచ్‌వైడీ, బీఓఎం, ఎంఏఏ అంటే మన హైదరాబాద్, ముంబై, చెన్నై. ఎస్‌ఐఎన్ కనిపిస్తే సింగపూర్, ఎంఆర్‌ఎస్ అయితే మార్సెయ్. మొదటి వరుస 1, రెండోది 3, మూడోది 4 అని వచ్చి, నాలుగోది ఎస్‌ఐఎన్ దగ్గర ఒక్కసారిగా 60కి ఎగిరి, ఆ తర్వాత బీఓఎం దగ్గర 118 అయితే ఇక అనుమానం అక్కర్లేదు. మధ్యలో ఏదో ఒక్క వరుసలో ప్యాకెట్ల నష్టం 40 శాతం అని చూసి కంగారు పడొద్దు. చాలా రౌటర్లు పింగ్‌కు జవాబు చెప్పే పనిని వెనక్కి నెడతాయి. నష్టం ఒకచోట మొదలై చివరి వరుస దాకా కొనసాగితేనే లెక్క. ఇంకో మెలిక ఏమిటంటే ఈ జాబితా వెళ్లే దారినే చూపిస్తుంది, తిరిగొచ్చే దారి కనిపించదు. పేర్లన్నీ మన ఊళ్లవే అయి పింగ్ మాత్రం 70 ఉంటే తిరుగుదారి బయటి నుంచి వస్తోందని అనుమానించాలి.

అదే ఇంట్లో వేరే కంపెనీ మొబైల్ హాట్‌స్పాట్‌తో చూడండి. అది 40 దగ్గర నిలకడగా ఉండి ఫైబర్ 120 చూపిస్తే సర్వరు తప్పు లేదని తేలినట్టే. ముంబైలో తేలే వీపీఎన్, అంటే మన ట్రాఫిక్‌ను వేరే దారిలో నడిపించే సేవ, పెడితే పింగ్ తగ్గడం ఇంకా గట్టి రుజువు. డీఎన్‌ఎస్ మార్చమని సలహాలిచ్చేవాళ్లు చాలామంది. డీఎన్‌ఎస్ పేరును అడ్రసుగా మారుస్తుందే గాని ఆట ప్యాకెట్ల దారిని మార్చదు.

ఫిర్యాదులో "నెట్ స్లో" అని రాయకండి, రాస్తే స్పీడ్ టెస్ట్ చేయించి మూసేస్తారు. ఫలానా తేదీల్లో, ఫలానా గంటల్లో, ఫలానా అడ్రసుకు దారి సింగపూర్ మీదుగా పోతోంది, ఉదయం 24 ఉన్న పింగ్ రాత్రి 118 అవుతోంది, రూటింగ్ చూసే నాక్ బృందానికి పంపండి అని రాయండి. ఫలితాలు జతపరచండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. గడువులో తేలకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్లొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఒకే కంపెనీ కస్టమర్లు పదిమంది ఒకే రకమైన ఫలితాలతో, ఒకే వారంలో అడిగితే దాన్ని ఇంటి సమస్య అని తోసిపుచ్చడం కుదరదు.

ట్రాయ్ చేయాల్సింది కూడా ఉంది. 2024లో కొత్త నిబంధనలు వచ్చేదాకా నడిచిన 2006 బ్రాడ్‌బ్యాండ్ నిబంధనల్లో ఆలస్యాన్ని కొలిచింది కంపెనీ గేట్‌వే నుంచి అంతర్జాతీయ గేట్‌వేకో నిక్సీకో 120 మిల్లీసెకండ్లలోపు, విదేశీ పోర్టుకు 350లోపు అని. అంటే గేట్‌వేల దాకా, విదేశం దాకా పోయే దారికి కొలత ఉండేది గాని, ఉప్పల్ ఇంటి నుంచి మన రాష్ట్రంలోని డేటా సెంటరుకు పోయే దారికి ఉండేది కాదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. హైదరాబాద్ నుంచి హైదరాబాద్‌కు ముంబై మీదుగా పోతే దాన్ని పట్టుకునే కొలమానం కావాలి. ప్రతి కంపెనీ దేశంలోని పెద్ద క్లౌడ్ కేంద్రాలకు రాత్రి 8 నుంచి 11 మధ్య పింగ్, ప్యాకెట్ నష్టం ఊరివారీగా ప్రకటించాలి. ఏ ఊళ్లో ఎవరితో కలిసిందో, ఆ పోర్టులు ఎంత నిండుతున్నాయో చెప్పాలి. ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఏపీ ఫైబర్‌నెట్, టీ-ఫైబర్ ఈ లెక్కలు ముందుగా బయటపెడితే మిగతావాళ్లను అడగడం తేలికవుతుంది.

ఆటే కదా అనుకునేవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటల నుంచి ఈ-స్పోర్ట్స్‌ను వేరు చేసి క్రీడగా గుర్తించింది. ఆన్‌లైన్ అర్హత పోటీల్లో విజయవాడ పిల్లవాడికి 120, ముంబై పిల్లవాడికి 8 పింగ్ ఉంటే ఆ పోటీ మొదలవక ముందే ఒకడు ఓడిపోయాడు. అందుకే ఒక నియమం వెంటనే కావాలి: రెండు కంపెనీలు కలిపిన లైను తెంచుకోవాలన్నా, కస్టమర్లను వేరే దారికి మార్చాలన్నా, కస్టమర్లందరికీ 30 రోజుల ముందు ఎస్ఎంఎస్ పంపాలి. ఆ గడువులో వేరే కంపెనీకి మారాలనుకున్నవాళ్లకు ముందుగా కట్టించుకున్న ఆరు నెలల, ఏడాది ప్యాకేజీల డబ్బులో మిగిలిన నెలలది తిరిగి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు,
హైదరాబాద్.