రెట్టలు ఏరుకునేవాడి ఉత్తరం

కడప,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సుబ్బూ,

నీ మెసేజ్ చూశాను. "బడిపంతులువి, ఆదివారం పూట కొండెక్కి పిట్ట రెట్టలు ఏరుకుంటున్నావంట గదరా, జీతం చాల్లేదా?" అని అడిగావు. ఆ మాట నీ చెవిన వేసింది మా ఆవిడే అయ్యుంటుంది. ఫోన్‌లో చెప్తే మధ్యలో నాలుగు జోకులు వేస్తావు. అందుకే కూర్చొని రాస్తున్నా. టీ పెట్టుకొని చదువు.

డిగ్రీలో మనకు జూనియర్ ఒకమ్మాయి ఉండేది, గుర్తుందా? బొద్దింకను కోయమంటే ఏడ్చిందే, ఆమె. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది. కొండల మీద బతికే పక్షులు ఏం తింటాయి, ఎండలు ముదిరి వానలు అదను తప్పే కొద్దీ ఆ తిండి ఎట్లా మారుతుంది, అదీ ఆమె పని. కొండ దారులు తెలిసిన తోడు ఒకరు కావాలంది. నేను దొరికాను.

మేం చూసే పిట్ట కొండ పొద పిగిలి. మీ అమ్మ కరివేపాకు చెట్టు మీద గూడు కట్టిన పిగిలిపిట్ట ఉండేది చూడు, దానికి దాయాది. గొంతుకు పసుపు రాసినట్టుంటుంది. దక్షిణ భారతంలో రాతిగుట్టల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ దొర 1845లో దీని గురించి రాసిపెట్టాడు. 1900 తర్వాత జాడ లేకుండా పోయి 1986లో మన లంకమల దగ్గర మళ్ళీ దొరికిన కలివికోడి ఉంది చూడు, దానికి ఇంగ్లీషులో పెట్టింది కూడా ఈయన పేరే. కలివికోడికైనా అభయారణ్యం ఉంది, పేరుంది, పేపర్లో ఫొటో ఉంది. ఈ పిగిలి సంగతి అడిగే నాథుడు లేడు.

మేం పోయేది గువ్వలచెరువు ఘాట్ పక్కన పాలకొండల్లోకి. మనం రాయచోటి పెళ్ళికి పోతూ పాలకోవా కోసం బస్సు దిగి, బస్సు తప్పించుకున్న చోటే. తెల్లారి నాలుగున్నరకు బండి తీస్తే వెలుగొచ్చే సరికి గుట్ట మీద ఉంటాం. ఉగ్గాని పొట్లం ఉంటుంది. బజ్జీలు మాత్రం ఎక్కేలోపే అయిపోతాయి.

ఏం తింటే ఏమైంది, ఎన్ని పిట్టలున్నాయో లెక్కపెడితే చాలదా అనుకున్నా మొదట్లో. అప్పుడామె పెరూ దేశంలో ఒక కొండ కథ చెప్పింది. 1985లో కొందరు ఆ కొండెక్కి ఏ పిట్ట ఏ ఎత్తులో ఉందో రాసుకున్నారు. 2017లో అదే కొండ మళ్ళీ ఎక్కి చూశారు. ఈ మధ్యలో వేడి పెరిగింది అర డిగ్రీ లోపే. అయినా చాలా పిట్టలు పైకి జరిగాయి. శిఖరం మీద ఉండేవాటికి ఇంక జరగడానికి చోటేదీ? వాటిలో కొన్ని కనబడనే లేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి పైకి పోవడం పిట్టకు తెలివైన పనే, పైన కొండ ఉన్నంతవరకు. మన పాలకొండలకు ఎంత ఎత్తుందిరా? రెండు గంటల్లో ఎక్కేసి మజ్జిగ తాగుతాం. పైగా పిట్ట పైకి పోయింది వేడికి తాళలేకనా, తినే పురుగూ పండూ పైకి పోతే వాటి వెంటనా? లెక్కపెడితే అది తేలదు. పొట్టలో ఏముందో చూడాల్సిందే.

పూర్వం పొట్టే కోసేవాళ్ళు. బిహార్‌లో పూసాలో ఇద్దరు దొరలు ఆ పని చేసి, మన దేశపు పిట్టలు ఏమేం తింటాయో 1912లోనే అచ్చేశారు. ఇప్పుడు కోయడం మాట దేవుడెరుగు, వల వేసి పట్టాలన్నా రాష్ట్ర వన్యప్రాణి అధికారి అనుమతి ఉండాలి. అందుకే మాకు రెట్టలే గతి. పిట్ట రోజూ వాలే కొమ్మ కింద గుడ్డ పరిచి, దూరంగా బండ చాటున కూర్చుంటాం. రెట్ట పడగానే పుల్లతో తీసి ఆల్కహాల్ సీసాలో వేయాలి. ఎండ తగిలితే అందులోని డీఎన్‌ఏ పాడవుతుంది, కడప ఎండ సంగతి నీకు చెప్పాలా? ఎనిమిదిన్నర దాటితే మా దుకాణం బంద్.

మొదటి నెల సీసాలన్నీ నేనే నాశనం చేశానులే. తేదీ, చోటు మార్కర్ పెన్నుతో అందంగా రాశాను. మూత సరిగా పెట్టక ఆల్కహాల్ కారి రాత మొత్తం చెరిగిపోయింది. పదకొండు సీసాలు, ఏది ఏ చెట్టు కిందదో ఎవడికి తెలుసు? ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. మరుసటి వారం నా చేతిలో రెండు పెన్సిళ్ళు పెట్టింది, అంతే. పెన్సిల్ రాత ఆల్కహాల్‌కు లొంగదట. పదహారేళ్ళుగా సైన్సు చెప్తున్నాను, ఆ ముక్క నాకు తెలియదు.

ప్రతి రెట్టలో సగం సీసాలో ల్యాబ్‌కు పోతుంది, డీఎన్‌ఏను బట్టి పిట్ట ఏం తిందో అక్కడ తేలుస్తారు. మిగతా సగం నాకు. నా సగాన్ని ఇంట్లో నీళ్ళలో నానబెట్టి టీ జల్లెడలో పోసి కడుగుతా. మొన్న ఒకటి దొరికింది. కడిగితే రెండు బలుసు గింజలు, పెంకుపురుగు రెక్క ముక్క ఒకటి, చీమ తల ఒకటి. ఆ రెక్క ముక్క గోరులో పదోవంతు కూడా లేదు. భూతద్దం కింద పెట్టి దీపం వైపు తిప్పితే పచ్చగా, పెళ్ళికూతురి పట్టుచీర అంచులా మెరిసింది. మా చిన్నది అరగంట సేపు భూతద్దం నాకివ్వలేదు.

డీఎన్‌ఏ చూస్తే అన్నీ తేలిపోతాయి కదా, ఈ జల్లెడ గొడవ ఎందుకంటావేమో. అక్కడే ఉంది తమాషా. పిట్ట సాలీడును తింది, సాలీడు అంతకుముందు ఈగను తింది. రెట్టలో రెండూ పలుకుతాయి. పిట్ట ఈగను తిన్నట్టా, లేదా? ఇంకా తమాషా జువ్విపండుది. వేమన చెప్పిన మేడిపండు పొట్టలో పురుగులు ఉత్త నీతి కాదురా. మేడి, మర్రి, రావి, జువ్వి, అన్నిటి కాయల్లోనూ గుండుసూది తల కంటే చిన్న కందిరీగలు పుట్టి పెరుగుతాయి, వాటి వల్లే పూత ఫలిస్తుంది. పిట్ట పండు మింగితే కందిరీగ కూడా లోపలికి పోతుంది. ల్యాబ్‌లో కూర్చున్నవాడు "ఈ పిట్ట కందిరీగలను వేటాడుతోంది" అని రాసేస్తే? నా జల్లెడలో జువ్వి గింజలు కనబడితే ఆ మాట ఆగుతుంది. అందుకే ఆమె నా సగం నాకే వదిలేసింది. కొంచెం గర్వంగానే ఉందిలే.

ఆ జువ్విచెట్టు మాకు దొరికిన కథ విను. ఎర్రచందనం అడవి కదా, తెల్లారకముందే బ్యాగులతో దిగేవాళ్ళను ఎవరు నమ్ముతారు? చెక్‌పోస్టులో బ్యాగు విప్పించారు. సీసాలు వరుసగా పెట్టి "ఇవేంది సార్?" అన్నాడు ఒకాయన. రెట్టలన్నాను. ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు, పర్మిషన్ కాగితం రెండుసార్లు చదివాడు. చివరికి టీ ఇప్పించి, "మే నెలలో పైన ఏం దొరకదు సార్. బలుసుండదు, రేగుండదు. అంతా ఆ బండ నెర్రెలో ఉండే జువ్విచెట్టు కాడికే వస్తాయి" అన్నాడు.

నిజమే. రేగుపండంటే భోగికి, నేరేడంటే తొలకరికి. వాటికి అదను ఉంది, ఆ అదను తప్పితే పిట్ట పస్తే. జువ్వి జాతికి అట్లా కాదు. ఒక చెట్టు ఇప్పుడు కాస్తే పక్క చెట్టు ఇంకెప్పుడో కాస్తుంది. కాయల్లో పుట్టే ఆ కందిరీగలకు ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట కాయ ఉండాలి మరి. కరువు నెలల్లో పిట్టకు అప్పిచ్చే షావుకారు జువ్విచెట్టే. అయితే పిల్లలను సాకేటప్పుడు పండ్లు చాలవు, మాంసకృత్తుల కోసం పురుగే కావాలి. పురుగు రావాలంటే వాన పడాలి. వాన ఒక నెల అటూ ఇటూ అయితే పిట్ట గూడు తేదీ మార్చుకుంటుందా, మెనూ మార్చుకుంటుందా? అది చూడడానికే వచ్చే రెండేళ్ళూ ఈ ఆదివారాలు. మా ఆవిడకు ఇంకా రెండేళ్ళని చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

సంక్రాంతికి వస్తావు కదా. ఒక పొద్దు నాతో కొండకు రా, బజ్జీలు నీ వాటా నీకే ఇప్పిస్తా. వచ్చేటప్పుడు టీ జల్లెడ ఒకటి తీసుకురా, స్టీలుది. మా అమ్మకు. తన జల్లెడ పదిరోజులుగా కనబడలేదని వంటింట్లో రోజూ గొడవే.

నీ
రెట్టల పంతులు