చెయ్యి తిరిగిందని తేల్చేదెవరు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

వైద్యుల కొరత గురించి తరచూ చర్చిస్తున్నాం గానీ, వైద్యుడి గదిలో అడుగు పెట్టకముందే మన బీపీ చూసి, రక్తం తీసి, ఈసీజీ తీసే మెడికల్ అసిస్టెంట్ల శిక్షణను ఎవరూ పట్టించుకోవడం లేదు. వైద్యుడు మందు రాసేది చాలాసార్లు వాళ్లు కాగితం మీద వేసిన అంకెను నమ్మే.

ఈ మధ్య ఒక క్లినిక్‌లో మా నాన్నగారికి బీపీ చూసిన తీరు చెబుతాను. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని ఎత్తు బల్ల మీద కాళ్లు వేలాడేలా కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, కబుర్లు చెబుతూనే మీట నొక్కేశారు. అంకె ఎక్కువొచ్చింది, మందు మోతాదు పెరిగింది. వారం తర్వాత మరోచోట, శిక్షణ పొంది పరీక్ష పాసైన ఒక అమ్మాయి ఆయన్ను 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది. వీపుకు ఆనుడు చూపించి, పాదాలు నేలకు ఆనించి, చొక్కా చేయి పైకి మడిచి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించింది. ఆయన దండచేయి లావు చూసి పెద్ద పట్టీ తెచ్చింది. పట్టీ చిన్నదైతే ఉన్న బీపీ కంటే ఎక్కువ చూపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. పెంచిన మోతాదు అక్కర్లేదని ఆ తర్వాత వైద్యుడే తగ్గించారు.

రక్తం తీయడంలో పొరపాటు ఇంతకంటే కంటికి కనపడనిది. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనంలో పొటాషియం ఉంటుంది. అందులోని రక్తం కాస్త సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) పరీక్ష గొట్టంలోకి చేరినా పొటాషియం లేనిపోని ఎత్తుకు పోతుంది, కాల్షియం పడిపోయినట్టు కనిపిస్తుంది. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసి కలపాల్సింది పోయి గట్టిగా కుదిపినా కణాలు పగిలి పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఈసీజీలో ఛాతీ మీద మొదటి రెండు తీగలను నాలుగో పక్కటెముకల సందులో కాక పైన అంటిస్తే, లేని పాత గుండెపోటు ఉన్నట్టు తోచవచ్చు.

అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ల సంఘం 1956లోనే ఏర్పడింది. ఆ సంఘం ఇచ్చే ధ్రువీకరణకు 200 ప్రశ్నల పరీక్ష రాయాలి, పైగా 60 నెలలకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి కాకపోయినా యజమానులు ఈ పత్రాన్ని అడుగుతారు. పరీక్ష కంటే ఆ పునరుద్ధరణే నాకు ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే ఒకసారి నేర్చిన పని అలవాటులో పడి నెమ్మదిగా చెడుతుంది. అయితే ప్రశ్నపత్రం చేతిపనిని కొలవలేదు కనుక, ఎక్కడైనా సరే, పరీక్షకుడి ఎదుట రక్తం తీసి, బీపీ చూసి చూపించాకే సర్టిఫికెట్ చేతికి రావాలి. ఫీజు కట్టిన ప్రతివారికీ పంచే పత్రాల వల్ల గోడకు అందమే తప్ప రోగికి ఒరిగేదేమీ లేదు.

ఈ పునాది మీద ప్రత్యేక శిక్షణ కూడా కావాలి. శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు కొలవడంలో 1 మిల్లీమీటరు తేడా వస్తే, లోపల అమర్చే కటకం (లెన్స్) లెక్క సుమారు 2.5 నుంచి 3 డయాప్టర్లు (లెన్స్ పవర్ కొలత) తప్పుతుంది. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని పుస్తకంలో చదవడం వేరు, గడ్డకట్టి పాడైన సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి పక్కన పెట్టగలగడం వేరు.

ఏళ్ల తరబడి చేస్తున్నవారిని పత్రం లేదని తీసేయమని నేను అనడం లేదు. వారికి జీతంతో కూడిన సెలవిచ్చి, పరీక్ష ఖర్చు యాజమాన్యమే భరించి, పాసైతే జీతం పెంచాలి. ఆపైన ప్రతి అసిస్టెంట్ గుర్తింపు కార్డు మీద పేరు కింద ధ్రువీకరణ గడువు తేదీని కూడా, రోగికి కనిపించేంత పెద్ద అక్షరాల్లో ముద్రించాలని నా విన్నపం.

భవదీయుడు,
ఒక పాఠకుడు