జాకీని జూదగాడి లెక్కన చూడొద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2022 మే 29న జెనీవాలో ఇంగ్లండ్ జాకీ, అంటే పందెం గుర్రాన్ని నడిపే రౌతు, లెస్టర్ పిగాట్ చనిపోతే మన పేపర్లో లోపలెక్కడో చిన్న ముక్క వేశారు, అందులో కూడా సగం ఆయన ట్యాక్స్ ఎగ్గొట్టి జైలుకెళ్లిన సంగతే. అది అబద్ధం అనట్లేదు, 1987లో మూడేళ్ల శిక్ష పడింది, ఏడాది పాటు జైల్లో ఉన్నాడు, ఇచ్చిన బిరుదు కూడా వెనక్కి తీసేసుకున్నారు, అది రాయాల్సిందే. కానీ ఆ మనిషి గుర్రం మీద ఏం చేశాడో రాయకపోతే ఎట్లా?

12 ఏళ్ల పిల్లోడుగా 1948లో మొదటి రేసు గెలిచాడు. 18 ఏళ్లకి 1954లో నెవర్ సే డై అనే గుర్రం మీద ఎప్సమ్ డెర్బీ, అంటే ఇంగ్లండ్‌లో బాగా పేరున్న రేసు, కొట్టాడు, అక్కడ్నుంచి 1983 దాకా మొత్తం 9 డెర్బీలు, ఇంకే జాకీకీ అన్ని లేవు. ఆ ఎప్సమ్ ట్రాక్ చదునుగా ఉండదు సార్, ముందు ఎత్తుకి ఎక్కాలి, ఆ తర్వాత ఎడమ పక్కకి తిరుగుతా దిగాలి, తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపులో మన బస్సు ఎట్లా ఒరుగుతుందో అట్లా గుర్రం ఒరుగుతుంది, అక్కడ దాన్ని బ్యాలెన్స్ తప్పకుండా పట్టుకుని, దమ్ము మిగిల్చి, చివర్లో ఎప్పుడు వదలాలో తెలిసుండాలి. అది ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని నా నమ్మకం. 1970లో నిజిన్‌స్కీ అనే గుర్రం మీద 2000 గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ అనే ఇంగ్లండ్ పెద్ద రేసులు మూడూ గెలిచాడు, ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒకే గుర్రం ఆ మూడూ గెలిచింది లేదు.

ఇంకోటి ఎవరూ రాయంది తిండి సంగతి. ఆయన 5 అడుగుల 8 అంగుళాలు, జాకీకి అది చాలా ఎక్కువ ఎత్తు, అయినా ఒళ్లు సుమారు 53 కిలోల్లోనే ఉంచుకున్నాడు, కాఫీ, చుట్టలతోనే కడుపు మాడ్చుకుని ఏళ్ల తరబడి బతికాడు. చిన్నప్పట్నుంచీ చెవులు కూడా సరిగా వినపడవు. జైలు నుంచి వచ్చాక, 54 ఏళ్ల వయసులో, 1990లో మళ్లీ జీను ఎక్కి రెండు వారాలు కూడా తిరక్కముందే అమెరికాలో రాయల్ అకాడమీ అనే గుర్రం మీద బ్రీడర్స్ కప్ మైల్ అనే పెద్ద రేసు గెలిచాడు, ఆ రేసు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మన చిత్తూరులో రేస్ కోర్సు లేదు గానీ అటు చెన్నై గిండీ, ఇటు బెంగళూరు, రెండూ దగ్గరే, ఇక్కడ్నుంచి పోయి చూసొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అయినా ఊళ్లో రేసులంటే కొంపలు ముంచే జూదం అనే మాట తప్ప ఇంకోటి వినపడదు. పందెం కాసి ఇల్లు గుల్ల చేసుకున్నోళ్లు ఉన్నారు, ఆ కుటుంబాల బాధ నాకు తెలుసు, దాన్ని నేను వెనకేసుకురావట్లేదు. కానీ పందెం కాసేది స్టాండ్‌లో కూర్చున్నోడు. జాకీకి పందెం కాసే హక్కే లేదు, అది రూల్. 1996లో సుప్రీంకోర్టు కూడా, అదీ మద్రాస్ రేస్ క్లబ్ కేసులోనే, గుర్రప్పందెం నైపుణ్యం మీద నడిచే ఆట అని తీర్పు ఇచ్చింది. పొద్దు పొడవక ముందే లేచి గుర్రాల్ని తిప్పి, తిండి మానుకుని, పడితే నడుం విరుగుతుందని తెలిసీ ఎక్కే మన కుర్రాళ్లని క్రీడాకారులు అనడానికి మనకి నోరెందుకు రాదు?

2022 జూన్ 4న జరిగిన ఎప్సమ్ డెర్బీని అక్కడ పిగాట్ జ్ఞాపకార్థమే నడిపారు. మీరు ఆదివారం స్పోర్ట్స్ పేజీలో ఆయన మీద ఒక పూర్తి వ్యాసం వేయండి, జైలు సంగతితో సహా. అట్లాగే గిండీ, బెంగళూరు, హైదరాబాద్ రేసుల ఫలితాలు వేసేటప్పుడు గుర్రం పేరు పక్కన జాకీ పేరు కూడా తప్పకుండా వేయండి, ఎవరైనా పడి దెబ్బలు తగిలితే ఆ వార్త కూడా ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు