రెండు జరలు

అరేయ్ దోస్తూ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఈడ నల్లగొండల అందరం మంచిగున్నం. వానలు పడ్డయి, పత్తి గింజలు పెట్టిన్రు. ఇగ అసలు ముచ్చటకొస్త, కడుపుల ఆగుతలేదు.

నీ నాటిక సదివిన. బాగుంది గని, కొంచెమనేటందుకు మనం వాడే ‘జర’ మాటను ఆగం జేసినవ్‌రా! ‘రెండు జరల ఉప్పెయ్యి’ అని రాస్తవా? జరకు లెక్క లేదు, బహువచనం లేదు. ఉర్దూ ‘జరా’ నుంచొచ్చింది, దాని మూలం అరబ్బీ ‘జర్రా’, అంటే ధూళికణం. మనకాడికొచ్చినంక ఆ కణం రెండు పనులు పట్టుకుంది.

క్రియ ముంగట నిలవడ్డ జర కొలత కాదు, మర్యాద. కిక్కిరిసిన బస్సుల ‘జర జరుగన్నా’ అంటరు సూడు. ఎన్ని అంగుళాలని ఎవ్వరడుగుతరు? జర తీసేస్తే అది హుకుం. అందుకే నీ మూడో సీన్ల తండ్రి కోపంతోని ‘జర బయటికి పో’ అంటే ఆ కోపం సల్లవడ్డది. ‘బయటికి నడువ్’ అని రాయి. అదే కోపంల ‘జర్ర గూడ సిగ్గు లేదా’ మాత్రం పక్కా. అక్కడ ‘ర’ను వత్తాలె.

రెండో పని కొలత, దానికి ‘జరంత’. ‘నాకు జర కావాలె’ అని ఆపితే వాక్యం గాలిల వేలాడ్తది, ‘జరంత కావాలె’ అను. ఇంకో సంగతి. రవ్వంత, ఆవగింజంత అంటే పోలిక ముంగటనే ఉంది, ఎంతో కండ్లకు కనవడ్తది. జరంత అట్ల కాదు, పక్కనున్నదాన్ని బట్టి పెరుగుతది. పచ్చిపులుసుల జరంత బెల్లమంటే చిటికెడు. అదే పులుపెక్కువై ‘జరంత నీళ్లు పొయ్యి’ అంటే అర గ్లాసు. ‘జరంత జాగ’ అంటే రెండు గుంటల భూమి గూడ కావచ్చు! పాత కొలపాత్రల లెక్క సూడు: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. జరంతకు మాత్రం ఏ పాత్రా లేదు. గందుకే వంట తెల్వనోనికి జరంత అని చెప్తే ఉప్పు కషాయమైతది. చిటికెడో, చెంచాడో చెప్పాలె. నీ కోడలి పాత్రతోని అత్తను ‘జరంత అంటే ఎంతత్తా?’ అని అడిగియ్యి, సీన్ లేస్తది.

‘గింత’ సంగతి వేరే. అది చేతితోని సూపిచ్చే మాట, వేళ్లు దగ్గరికి పెట్టి… అరే, బస్సొచ్చింది. మిగిలింది మళ్ల రాస్త.

జర పైలం.